ప్రశ్నల చక్రం

పూర్వం ఒక మంత్రి ఊరూరా వైద్యులకు ప్రశ్నలు చెక్కిన చక్రం పంపించాడు. ఏ రోగమైనా సరే, చక్రం తిప్పుతూ తల నుంచి పాదం దాకా అన్నీ అడిగాకే మందివ్వాలి. కాదంటే వైద్యం మానుకోవాలి. దాంతో వైద్యురాలు నాంచారమ్మ వాకిట్లో జ్వరాలవాళ్లు మూలుగుతూ పడిగాపులు కాసేవారు.

"చక్రంతో తృప్తేనా?" అని రాజుగారి తరఫున అడగడానికి ఆమె వాకిటికి వచ్చిన మంత్రి, దారిపొడుగునా మెక్కిన విందులు తిరగబడి, కడుపు పట్టుకుని కూలబడ్డాడు.

నాంచారమ్మ చక్రం తిప్పింది. "జుట్టు రాలుతోందా బాబుగారూ?"

"కడుపమ్మా, కడుపు!"

"వస్తుంది లెండి. ఇంకా చెవుల దగ్గరున్నాం. వినపడుతోందా?"

"దాన్నవతల పెట్టి నన్ను చూడు తల్లీ!"

ఆమె వెంటనే వాము కషాయం పట్టించింది. కాసేపటికి మంత్రి హాయిగా ఊపిరి తీసుకున్నాడు. "మరి రాజుగారికి ఏం చెప్పమంటావు?"

"చక్రం పక్కన పెట్టాక తమకెంత హాయిగా ఉందో, మాకూ అంతే హాయిగా ఉంటుందని చెప్పండి."