వదినగారితో చెప్పిన కబురు

చీరాలలో ఒక అద్దె గదిలో జాకెట్లు కుట్టి బతికే శేషారత్నానికి, ఎంత అవసరం పడినా ఎదుటి మనిషితో నోరు విప్పి చెప్పలేని మొహమాటం ఉండేది.

ఆ ఏడు వానలు పడగానే గది కప్పు కారసాగింది, అదీ సరిగ్గా కుట్టుమిషను మీదే. ఇంటి యజమాని పానకాలు రోజూ గుమ్మం ముందు నుంచే వెళ్ళేవాడు. ఆపి చెప్పొచ్చు కదా? అబ్బే! ఆయన భార్య హైమావతి పంపు దగ్గర కనబడితే, "వదినగారూ, కప్పు కారుతోందని అన్నయ్యగారితో ఒక్క మాట చెప్పరూ," అనేది. "అలాగేలే," అనేది ఆవిడ. మూడుసార్లు చెప్పినా అదే జవాబు.

చివరికి మిషను మోటారు తడిసి కాలిపోయింది. పని ఆగింది. బాగు చేయించని వాళ్ళకు అద్దె ఎందుకివ్వాలని లోలోపల ఉడుక్కుని, శేషారత్నం రెండు నెలలు అద్దె కట్టలేదు. పోనీ, ఆ మాటైనా పైకి చెప్పిందా? లేదు.

ఒకరోజు పానకాలు వచ్చాడు. "ఏమ్మా, అద్దె ఎగ్గొడితే ఊరుకుంటాననుకున్నావా? ఆదివారానికి ఖాళీ చెయ్యి. లేకపోతే సామాను వీధిలో ఉంటుంది," అన్నాడు.

శేషారత్నం దగ్గర కుట్టించుకునేది ఆ వీధివాళ్ళే. గది పోతే కూడు పోయినట్టే. కోర్టు దగ్గర ఉచితంగా సలహా చెప్పే లాయరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"కప్పు సంగతి ఇంటాయనకు రాసిచ్చారా?" అని అడిగింది లాయరమ్మ.

"వాళ్ళావిడతో చెప్పానండీ. ఇంటివాళ్ళకు కాగితం రాస్తే ఏం బాగుంటుంది?"

"వీధిలో పడితే బాగుంటుందా? అద్దె బాకీ ఉంటే ఆయన కేసు వేసుకోవచ్చు. కోర్టు చెప్పకుండా మిమ్మల్ని గెంటే హక్కు మాత్రం ఆయనకు లేదు. మీరూ చెప్పాపెట్టకుండా అద్దె ఆపితే తప్పు మీ మీదికే వస్తుంది. ఉన్నదున్నట్టు రాసివ్వండి."

ఆదివారం పానకాలు తాళంకప్పతో వచ్చాడు. వెనకే హైమావతి. శేషారత్నం గుమ్మానికి అడ్డంగా నిలబడి కాగితం చేతికిచ్చింది.

"అన్నయ్యగారూ, బాకీ నాదే. ఎప్పటికి తీరుస్తానో ఇందులో రాశాను. కప్పు బాగు చేయించడం మీ పని. అదీ రాశాను. నా సామాను ముట్టుకోవాలంటే కోర్టు ఉత్తర్వు తెండి," అంది. గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

పానకాలు తెల్లబోయాడు. "కప్పు కారుతోందా? నాకెవరు చెప్పారు?"

హైమావతి తల వంచుకుంది. "ఖర్చు మాటెత్తితే మీరు విరుచుకుపడతారని నేనే చెప్పలేదు," అంది.

పానకాలు లోపలికి తొంగిచూశాడు. తడిసి నల్లబడ్డ గోడను, మూలపడ్డ మిషనును చూసి సిగ్గుపడ్డాడు. తాళంకప్ప జేబులో వేసుకున్నాడు. ఆ వారమే మేస్త్రీని పంపాడు. శేషారత్నం మోటారు బాగు చేయించుకుని, రాసిచ్చిన గడువులోనే బాకీ తీర్చి, రశీదు అడిగి మరీ తీసుకుంది.

హక్కు మనదే అయినా మనసులో దాచుకుంటే అక్కరకు రాదు. మన బాధ్యత ఒప్పుకుని, చెప్పవలసిన వాళ్ళకే సూటిగా, కాగితం మీద పెట్టి చెప్పాలి.