ఊ కొట్టే చోటు

హైమవతి టీచరు ప్రశ్నలకు జవాబులు చెప్పేది కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ చెప్పీ చెప్పీ విసుగెత్తిపోయానని, రిటైరయ్యాక ఆ దుకాణం కట్టేశానని ఆవిడే అనేది. ఇంటికొచ్చి ఎవరైనా సందేహం అడిగితే చేతిలో ఏదో ఒక పని పెట్టేది. పెద్దాపురంలో ఆవిడ శిష్యులకు ఇంగ్లీషు గ్రామరు ఎంత వచ్చిందో చెప్పలేం గానీ, చిక్కుడుకాయలకు ఈనెలు తీయడం మాత్రం అందరికీ వచ్చు.

ఒక ఆదివారం సాయంత్రం వచ్చిన శిష్యుడు సుగుణాకర్. ఆవిడ దగ్గరే ఇంగ్లీషు నేర్చుకుని, ఈ మధ్యనే ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు మాస్టారుగా చేరాడు. కుర్రాడు మంచివాడే. కాకపోతే తనకు తెలిసిందంతా ఒక్క పీరియడ్లో చెప్పేయాలన్న జబ్బు ఒకటుంది. కామా, కోలన్, సెమీకోలన్, డాష్ అన్నీ రంగురంగుల చార్టు మీద వేసి తొమ్మిదో తరగతి గోడకు తగిలించాడు. సింహంలాంటి ధైర్యం, మంచులాంటి తెలుపు అంటూ ఇంగ్లీషు ఉపమానాలన్నీ వల్లె వేయించాడు. పిల్లలు బుద్ధిగా నేర్చుకున్నారు. నేర్చుకుని, ఉప్మా మీద కొత్తిమీర చల్లినట్టు వ్యాసాల నిండా కామాలు చల్లారు. అమ్మమ్మ గురించి రాయమంటే ముసలావిణ్ణి సింహాన్ని చేసి కూర్చోబెట్టారు. తరగతిలో మాత్రం ఒక్కరూ నోరు విప్పరు.

కిందటి వారం హెడ్మాస్టారు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. సుగుణాకర్ ఆ పీరియడ్ మొత్తం ఆయన ముఖం చూస్తూనే పాఠం చెప్పాడు. ఆయన ముఖంలో ఏమీ కనబడలేదు. వెళ్తూ వెళ్తూ, వచ్చే సోమవారం మళ్ళీ వస్తానని, అప్పుడు కూడా పిల్లలు ఇలాగే బొమ్మల్లా కూర్చుంటే ఇంకో మాస్టారిని చూసుకోక తప్పదని మర్యాదగా చెప్పారు. తిట్టి ఉంటే కాస్త ధైర్యంగా ఉండేది. మర్యాదగా చెప్పేసరికి మనవాడికి అన్నం సయించడం మానేసింది.

"టీచరు గారూ, రేపొక్కటే అవకాశమండీ నాకు. పిల్లలకు ముందు ఏది నేర్పమంటారు? ఆపడమా, అలంకరించడమా?" అని అడిగాడు. దారి పొడుగునా కూర్చుకున్న ప్రశ్న అది.

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఇల్లంతా కలయజూసింది. ఆ పూట చిక్కుడుకాయలు లేవు. మేడ మీద అద్దెకున్న వాళ్ళ అమ్మాయి మౌక్తిక మాత్రం ఉంది. ఇంకా బడిలో వేయని పిల్ల. వాళ్ళమ్మ టైలరింగ్ షాపు నుంచి వచ్చేదాకా ఇక్కడే ఉంటుంది. ఎదురుగా పెరుగన్నం గిన్నె పెట్టుకుని, పెదాలు బిగించి, తాళం వేసిన బీరువాలా కూర్చుంది. టీచరు గిన్నె తీసి శిష్యుడి చేతికిచ్చింది. "దీనికో కథ చెప్పి ఇది ఖాళీ చేయించు నాయనా. తరవాత మాట్లాడుకుందాం" అని పేపరు అందుకుంది.

తొమ్మిదో తరగతికి సెమీకోలన్ చెప్పినవాడికి ఇదొక లెక్కా అనుకున్నాడు సుగుణాకర్. చేతులు కడుక్కుని ముద్ద కలిపాడు. ఆ పిల్లకు ఒక పద్ధతి ఉంది. కథ కొంచెం నడిచాక ఊ కొడుతుంది. ఊ కొట్టాక నోరు తెరుస్తుంది. ముద్ద అప్పుడే వెళ్ళాలి. ఊ లేకపోతే ముద్ద లేదు.

అనగనగా ఒక రాజు అని మొదలుపెట్టాడు. రాజుకు కొడుకులు, కొడుకులకు గుర్రాలు, గుర్రాల వెనక అడవి, అడవిలో రాక్షసుడు, వాడి కళ్ళు అగ్నిగుండాలు, కోరలు పిడుగులు, జుట్టు కారుమబ్బులు. ఒకే ఊపిరి. పిల్ల మొదట కళ్ళు పెద్దవి చేసింది. ఊ కొడదామని రెండు మూడుసార్లు నోరు కదిపింది, సందు దొరకలేదు. చివరికి ఆశ వదులుకుని గోడ మీద బల్లిని చూడసాగింది. ముద్ద చేతిలోనే ఉంది. పెరుగు మోచేతి దాకా కారింది.

భయం వేసి పంథా మార్చాడు. రాజు, అని ఆగాడు. గారి, అని ఆగాడు. పెద్ద, అని మళ్ళీ ఆగాడు. పిల్ల ఒక ఊ కొట్టింది, అనుమానంగా ఇంకొకటి కొట్టింది, మూడోదానికి అతని ముఖంలోకి వంగి చూసింది.

"మావయ్యా, నీకు ఆయాసమా?"

పేపరు వెనక టీచరు భుజాలు కదిలాయి. సుగుణాకర్ చెవులు ఎర్రబడ్డాయి. ఇక ఇలా కాదని గొంతు పెంచి, అప్పుడు రాక్షసుడు సింహంలా గర్జించాడు అన్నాడు. సింహం ఎలా అరుస్తుందో నువ్వు విన్నావా అని పిల్ల అడిగింది. అబద్ధం చెబుదామనుకున్నాడు గానీ, ఆ కళ్ళ ముందు నోరు రాలేదు. వినలేదని ఒప్పుకున్నాడు. చెప్పేవాడూ వినలేదు, వినేదీ వినలేదు. మరి తొమ్మిదో తరగతిలో అన్ని సింహాలను ఎవరి కోసం తోలాడో ఆ క్షణాన అతనికి తట్టలేదు.

"పోనీ నువ్వు చెప్పు. నీకు ఏది అరిస్తే భయం?"

పిల్ల మేడ వైపు వేలు చూపించింది.

"మా అమ్మ మిక్సీ. ఎండుకొబ్బరి వేస్తే."

సుగుణాకర్‌కు నవ్వొచ్చింది. రాక్షసుడు నోరు తెరిచి, ఎండుకొబ్బరి వేసిన మిక్సీలా అరిచాడు అని చెప్పి, ఆ పిల్ల ఏమంటుందో చూద్దామని ఊరుకున్నాడు.

పిల్ల భుజాలు దగ్గరికి లాక్కుంది. గుటక మింగింది. ఊ అంది. నోరు తెరిచింది.

ఆ తరవాత కథ దారిన కథ నడిచింది. కనుబొమలు లేస్తే ఆగాడు, గుటక పడితే అందుకున్నాడు. రాక్షసుడి జుట్టు ఎలా ఉందో పిల్లే చెప్పింది, టైలరింగ్ షాపులో మిషను కింద పోగుపడ్డ దారాల్లా ఉందట. చివరికి వాడు చచ్చిపోవడానికి వీల్లేదని, మిక్సీ స్విచ్చి కట్టేసినట్టు కట్టేస్తే చాలని తీర్పిచ్చింది. గిన్నె ఎప్పుడు ఖాళీ అయిందో ఇద్దరూ చూసుకోలేదు.

వాళ్ళమ్మ వచ్చి తీసుకెళ్తుంటే, మెట్ల మీద ఆవిణ్ణి నిలబెట్టి ఆ కథే మొదలుపెట్టింది మౌక్తిక. ఒక ముక్క చెప్పి ఆగుతోంది. ఊ కొట్టవే అని కసురుతోంది. తల్లి ఊ అన్నాకే ఇంకో మెట్టు ఎక్కుతోంది.

సుగుణాకర్ గుమ్మంలో నిలబడి వింటూ ఉండిపోయాడు. తన ప్రశ్న మళ్ళీ అడగాలని కూడా అనిపించలేదు. కానీ రేపటి సంగతి గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు.

"అంతా బాగానే ఉందండీ. హెడ్మాస్టారు వెనక బెంచీలోనే కూర్చుని ఉంటారు కదా, ఆయన ముఖం చూడకుండా ఎలా ఉండమంటారు?"

హైమవతి టీచరు పేపరు మడిచి పక్కన పెట్టింది.

"ఆయన ఇంట్లో భోంచేసే వస్తారులే" అంది.