ఇద్దరు బాలయేసులు

లైబ్రరీలో చెక్కతో చేసిన బాలయేసు స్వరూపాలు రెండున్నాయి. అద్దాల పెట్టె ఒక్కటే ఉంది. బ్రదర్ శౌరికి వచ్చిన చిక్కు అది.

గురువులు కాబోయేవాళ్ళు చదువుకునే ఎర్రకొండ సెమినరీలో లైబ్రరీ ఒకప్పుడు చర్చి. కొత్త చర్చి కట్టాక పాతదాంట్లోకి పుస్తకాలు చేర్చారు. వాటి వెంటే పాత పండుగల సామానంతా అక్కడికి చేరింది. క్రీస్తు పుట్టుకను పద్యాలుగా రాసిన తాటాకు కట్టలు, కోలాటం పాటల అచ్చు ప్రతులు, విదేశీ గురువులు చేత్తో రంగులద్దిన క్రిస్మస్ కార్డులు, రంగు కాగితం అంటించిన వెదురు నక్షత్రం, టేకుతో చెక్కిన ఒంటెలు, గొర్రెలు, ముగ్గురు జ్ఞానులు. అన్నీ బీరువాల్లో మూలుగుతున్నాయి. ఈ క్రిస్మస్‌కు వాటిని బయటికి తీసి ప్రదర్శన పెట్టమని సెమినరీ పెద్ద రెక్టర్ గారు శౌరికి అప్పజెప్పారు. పండుగ ముందురోజు పొద్దున బిషప్ గారు వచ్చి ప్రారంభిస్తారు.

శౌరికి అది మామూలు పని కాదు. కొండ కింద పేట నుంచి సెమినరీకి వచ్చి ఇంత దూరం చదివినవాడు అతనొక్కడే. లైబ్రరీ తాళాలు అతని నడుముకే ఉంటాయి. జనవరిలో, గురువు కావడానికి ముందు మెట్టైన డీకన్ పట్టం ఇస్తారని చెప్పుకుంటున్నారు. తాటాకుల దుమ్ము కుంచెతో దులిపాడు. ఒంటె విరిగిన కాలును జిగురుతో అతికించాడు. ప్రతి వస్తువు కింద అందమైన అక్షరాలతో చీటీ పెట్టాడు.

బాలయేసుల దగ్గర ఆగిపోయాడు.

రెండూ ఒకే శిల్పి చెక్కినవి. అదే చేయి పైకెత్తడం, అదే నవ్వు. ఒకటి మాత్రం నిన్న చెక్కినట్టుంది. ఎర్రటి పెదవులు, గాజు కళ్ళు, ఒంటి మీద చెక్కుచెదరని రంగు. రెండోదానికి రంగు లేదు. చెక్క నల్లబడింది. కాలివేళ్ళు అరిగి ఒక్కటైపోయాయి. మూతి ఉండాల్సిన చోట నున్నగా ఉంది.

లైబ్రరీ చూసే ఫాదర్ రాయప్ప కిటికీ పక్కన బల్ల దగ్గర చినిగిన పుస్తకానికి బంక రాస్తున్నారు. డెబ్బై దాటిన మనిషి. శౌరికి లాటిన్ నేర్పింది, పాత పుస్తకాన్ని ఎలా పట్టుకోవాలో నేర్పింది ఆయనే.

"ఫాదర్, పెట్టెలో ఒకటే పడుతుంది. బాగున్నది పెడతాను. చాలు కదా?"

"రెండెందుకున్నాయి?" అన్నారు రాయప్ప తలెత్తకుండా.

"ఒకటి పాతబడితే ఇంకొకటి చేయించి ఉంటారు."

రాయప్ప తలెత్తి అతని వంక చూశారు. "ఉంటారు," అని మళ్ళీ బంక రాసుకున్నారు.

ఎందుకు రెండున్నాయో శౌరికి తెలుసు. చిన్నప్పుడు నాయనమ్మ ఒళ్ళో పడుకుని విన్నాడు. క్రిస్మస్ పూజ అయ్యాక చర్చి బాధ్యత చూసే విచారణ గురువు రంగుల బాలయేసును చేతుల్లోకి తీసుకుని పీఠం ముందు నిలబడేవాడు. ఊళ్ళోని పెద్ద కులాల వాళ్ళు వరసగా వచ్చి ముద్దు పెట్టుకునేవాళ్ళు; అరిగినప్పుడల్లా దానికి కొత్త రంగు వేయించేవాళ్ళు. పేట వాళ్ళు పూజంతా వరండాలో నిలబడి వినేవాళ్ళు. పేటలో జపాలు నేర్పే ఉపదేశి వాళ్ళ కోసం రెండో బాలయేసును గుమ్మం బయటికి తెచ్చేవాడు. పేట వాళ్ళు ముద్దు పెట్టినదాన్ని పెద్ద కులాల వాళ్ళు తాకకూడదని ఒకేసారి రెండూ చేయించారు. చాలా ఏళ్ళకు ఎవరో బిషప్ ఆ పద్ధతి మాన్పించి రెంటినీ బీరువాలో పెట్టించాడు.

ఆ సంగతి ఈ పండుగలో ఎవరికీ గుర్తు రాకూడదని శౌరి అనుకున్నాడు. గుర్తొస్తే జనం ముందుగా చూసేది తన వంకే. అరిగినదాన్ని పాత గుడ్డలో చుట్టి లోపలి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

మర్నాడు మధ్యాహ్నం నాయనమ్మ ఆరోగ్యమ్మ వచ్చింది. అరిసెల డబ్బా చంకన పెట్టుకుని బస్సు దిగి, కొండ మెట్లన్నీ ఎక్కి వచ్చింది. వరండాలో చెప్పులు విడిచి అక్కడే నిలబడింది.

"లోపలికి రా నాయనమ్మా. ఎవరూ ఏమీ అనరు."

"అంటారని కాదులే," అంటూ లోపలికి వచ్చింది.

శౌరి ఆమెకు ఒక్కొక్కటీ చూపించాడు. తాటాకు మీది పద్యం చదివి వినిపించాడు. ఆమె తలూపుతూ విన్నది. వెదురు నక్షత్రం చూసి నవ్వింది. అద్దాల పెట్టె దగ్గరికి వచ్చేసరికి రెండు బారల దూరంలో ఆగి పమిట కొంగు భుజం మీదికి లాక్కుంది.

"దగ్గరికొచ్చి చూడు."

"ఇక్కణ్ణించి కనపడతానే ఉంది." చాలాసేపు చూసింది. "కళ్ళు గాజువా? అప్పుడు తెలీలేదు. వరండాలోంచి లోపలోళ్ళ తలకాయలే కనపడేవి." తర్వాత చుట్టూ చూసింది. "మన బాలయేసు ఏడిరా?"

శౌరి గొంతు తగ్గించాడు. "లోపల ఉన్నాడు నాయనమ్మా."

"లోపలెందుకు?"

"బాగా పాడైపోయింది. మూతి కూడా అరిగిపోయింది. బిషప్ గారు వస్తున్నారు కదా."

"మా మూతుల వల్లేరా అరిగింది," అంది ఆరోగ్యమ్మ. కోపంగా అనలేదు. "మా అమ్మ, మా అత్త, నేను. మీ తాతకు జ్వరం ముదిరినప్పుడు ఉపదేశి కాళ్ళు పట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాం. ముద్దు పెట్టుకునే పోయాడు."

శౌరి చేయి నడుము దగ్గరి తాళాల మీదికి పోయింది.

కిటికీ దగ్గర రాయప్ప లేచారు. శౌరి ఎదుటికి వచ్చి తాళాల కోసం చెయ్యి చాపారు. శౌరి తాళాలు ఇచ్చాడు. ఆయన లోపలి బీరువా తెరిచి, గుడ్డ విప్పి, నల్లబడిన బాలయేసును తెచ్చి ఆరోగ్యమ్మ చేతుల్లో పెట్టారు.

ఆమె కొంగుతో ఆ ముఖం తుడిచింది. కాలివేళ్ళ మీద బొటనవేలితో రాసింది. వంగి ముద్దు పెట్టుకుంది. పైకి లేచిన ముఖంలో ఏడుపు లేదు.

రాయప్ప అద్దాల పెట్టె కూడా తెరిచారు. రంగుల బాలయేసును రెండు చేతులతో ఎత్తి, విచారణ గురువులు పూర్వం నిలబడినట్టే ఆమె ముందు నిలబడ్డారు.

ఆరోగ్యమ్మ ఆ గాజు కళ్ళలోకి చూసింది.

"వద్దు ఫాదరుగారూ," అంది. "పెట్టుకోవాలని ఉన్న రోజుల్లో మీ వాళ్ళు రానివ్వలేదు. ఇప్పుడు నాకు లేదు."

రాయప్ప చేతులు దించారు. "సరేనమ్మా," అన్నారు.

ఆమె అరిసెల డబ్బా బల్ల మీద పెట్టింది. పండుగకు ఉండమని శౌరి బతిమాలాడు. బస్సు పోతుందని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం శౌరి అన్నానికి వెళ్ళలేదు. లైబ్రరీకి తిరిగొచ్చి అద్దాల పెట్టెను పక్కకు జరిపాడు. దాని చోట కొత్త గడ్డితో వెడల్పాటి పశువుల తొట్టి చేశాడు. రెండు బాలయేసులనూ పక్కపక్కనే పడుకోబెట్టాడు. పైకెత్తిన చేతులు ఒకదానికొకటి తగిలాయి. కింద చీటీ రాసి పెట్టాడు: అందరం ఒకే తండ్రి బిడ్డలం. రాస్తున్నంతసేపూ కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాడు. తర్వాత గుండె తేలికపడింది.

పొద్దున్నే ఫాదర్ రాయప్పను తీసుకొచ్చి చూపించాడు.

ఆయన చీటీ చదివారు. తొట్టి చుట్టూ ఒకసారి తిరిగారు.

"బాగా చేశావు. ఎవరి కోసం?"

"అందరి కోసం, ఫాదర్. బిషప్ గారు, ఊరి పెద్దలు, అందరూ చూస్తారు."

"మీ నాయనమ్మ?"

"ఆమె రాదు ఫాదర్."

రాయప్ప నల్లటి బాలయేసును తొట్టిలోంచి ఎత్తుకున్నారు. మెల్లగా నడిచి గుమ్మం దాటారు. వరండాలో గుమ్మానికి ఎడంపక్కన, వట్టి బండ మీద పడుకోబెట్టారు. గడ్డి వేయలేదు. కింద గుడ్డ కూడా పరచలేదు.

శౌరి కంగారుగా వెనకాలే వచ్చాడు. "ఫాదర్, అక్కడ అందరూ చెప్పులు విడుస్తారు."

"అప్పుడూ ఇక్కడే విడిచేవాళ్ళు."

"మంచి చేద్దామనే కదా రెంటినీ కలిపాను."

రాయప్ప నడుము పట్టుకుని నిటారుగా అయ్యారు. "నువ్వు నిన్న వీటిని కలిపావు, శౌరీ. మనుషుల్ని మనం ఎప్పుడు కలిపాం?"

శౌరి వెనక్కి తిరిగాడు. లోపలికి వెళ్ళి చీటీ తీసేశాడు.

బిషప్ గారి కారు వచ్చింది. బ్యాండు మోగింది. దండలు పడ్డాయి. బిషప్ గారి పక్కన ఇన్నారెడ్డి గారు నడుస్తున్నారు. రంగుల బాలయేసును చేయించి ఇచ్చింది ఆయన తాతగారే. వెనక రెక్టర్ గారు, సిస్టర్లు, ఊరి పెద్దలు. మెట్లెక్కి వచ్చి చెప్పులు విడవబోయి అందరూ ఆగిపోయారు.

"ఇదేమిటి ఇక్కడ?" అన్నారు బిషప్ గారు.

రెక్టర్ గారి ముఖం మాడిపోయింది. "ఎవరు పెట్టారిది?"

రాయప్ప నోరు తెరవబోయారు. అంతలో శౌరి ముందుకొచ్చాడు.

"మాదండీ. మా పేట వాళ్ళ బాలయేసు. వీళ్ళు లోపల ఆయనకు ముద్దు పెట్టేటప్పుడు, మేం ఇక్కడ ఈయనకు పెట్టేవాళ్ళం."

బ్యాండు వాళ్ళు కూడా ఆపేశారు. బిషప్ గారు కిందికి చూశారు. ఏదో చెబుతారని అందరూ ఎదురుచూశారు. ఆయన చెప్పలేదు.

"అవన్నీ పాత సంగతులు," అన్నారు ఇన్నారెడ్డి గారు మెత్తగా. "పండుగపూట ఎందుకు తవ్వుకోవడం? పదండి బిషప్ గారూ, ఎండ ఎక్కుతోంది."

బిషప్ గారు ఇంకొక్క క్షణం నిలబడి, చెప్పులు కుడిపక్కన విడిచి లోపలికి వెళ్ళారు. మిగతావాళ్ళూ కుడిపక్కకే జరిగి, అంచులు తగలకుండా బట్టలు ఎత్తిపట్టుకుని వెళ్ళారు. రెక్టర్ గారు చివరగా వచ్చి శౌరి చెవి దగ్గర అన్నారు: "నీ పట్టం సంగతి పండుగ అయ్యాక ఆలోచిద్దాం."

లోపల రిబ్బన్ కత్తిరించారు. చప్పట్లు వినిపించాయి. రంగుల బాలయేసు తొట్టి దగ్గర ఫోటోలు తీసుకున్నారు. తాటాకులు ఎంత బాగా కాపాడారో అని ఎవరో మెచ్చుకున్నారు. వరండాలోకి ఎవరూ రాలేదు.

శౌరి బండ మీద కూలబడ్డాడు. కాసేపటికి రాయప్ప వచ్చి, గోడ పట్టుకుని కష్టం మీద అతని పక్కన కూర్చున్నారు.

"అందరూ దాటుకుని వెళ్ళిపోయారు, ఫాదర్."

"చూసి దాటారా? చూడకుండా దాటారా?"

ఎత్తిపట్టుకున్న ఆ బట్టల అంచులు శౌరికి గుర్తొచ్చాయి.

"చూసే దాటారు."

"అయితే రేపు కూడా ఇక్కడే ఉంచుదాం," అన్నారు రాయప్ప.