గవరయ్య పిడికిలీ, భూలోకం ఎడం చెవీ

ఇటు జరగవే మంగా, వాడు నీ మీద కాలు వెయ్యడులే. ఒరే సూరీడూ, ఊ కొట్టేది నువ్వే. ఊ ఆగిందా, కథ ఆగిపోద్ది. మళ్ళీ మొదట్నించీ చెప్పమంటే నా వల్ల కాదు.

అనగనగా, మీ తాతకి తాత ఇంకా గోచీ కూడా కట్టని రోజుల్లో, ఒక ఊళ్ళో ఒక కోట. కోట గుమ్మం పక్కన ఒక గోడ. ఎంత ఎత్తంటే, దాని మీదకెక్కిన కాకి కిందకి దిగేసరికి ముసలిదైపోయేది. నవ్వకే, నిజం! ఆ ఊరి జనానికి గుద్దుల పోటీలంటే పిచ్చి. పొయ్యి మీద పాలు పొంగినా పట్టేది కాదు, ఎవడు ఎవణ్ణి గుద్దాడన్నదే కావాలి. అందర్లోకీ గొప్పోడనిపించుకున్నవాడి పిడికిలి ఆ గోడ మీద తడి సున్నంలో అద్దించేవాళ్ళు. ఇంక అది వెయ్యేళ్ళు అలాగే ఉంటది. పాత గుర్తులు వదిలేసి, గోడకి పక్కన కొత్త సున్నం మాత్రం రాజు బతుకులో ఒక్కసారే పూస్తారు.

అయితే అందులో ఒక మెలిక ఉంది. ఫలానావాడు గొప్పోడని రాజు చెప్తే చెల్లదు, జనం చెప్తే చెల్లదు. వాడి చేతిలో దెబ్బ తిన్నవాడొచ్చి చెప్పాలి. తాపీ మేస్త్రి గోడ దగ్గర నిలబడి ఓడినవాణ్ణి ఒకటే అడుగుతాడు, "సాకేమన్నా ఉందా?" అని. ఉందన్నాడా, పిడికిలీ లేదు గిడికిలీ లేదు, ఇంటికి పొమ్మంటాడు. ఊ కొడుతున్నావా సూరీడూ? ఆ, అదీ.

ఆ ఊళ్ళో గుద్దుల గవరయ్యని ఒకడున్నాడు. మీసం తెల్లబడిపోయింది. కూర్చుంటే మోకాళ్ళు టక్కు, లేస్తే టకటక. కానీ పుట్టి బుద్ధెరిగి ఓడింది లేదు. ఎలా ఓడతాడే? మెత్తనోణ్ణి చూసి గుద్దేవాడు! గట్టోడెవడన్నా ఊళ్ళోకొచ్చాడంటే, సరిగ్గా ఆ రోజే గవరయ్యకి చుట్టాలింట్లో పెళ్ళి తగిలేది. సంచీ భుజానేసుకుని చెక్కేసేవాడు.

ఇంక ఆ ఏడు గోడకి సున్నం పడింది. గవరయ్య పిడికిలికి నూనె రాసుకుని, తన చేతిలో ఓడినవాళ్ళందర్నీ ఎనకాల తోలుకుని గోడ దగ్గరికెళ్ళాడు. మేస్త్రి మొదటోణ్ణి అడిగాడు. సాకుంది బాబూ, పొద్దున్నే పనసతొనలు తిన్నాను, కడుపు నా మాట వినలేదు అన్నాడు. రెండోవాణ్ణి అడిగాడు. సాకుంది బాబూ, పసిపిల్లాడు రాత్రంతా నిద్రపోనివ్వలేదు అన్నాడు. ఇంకోణ్ణి అడిగాడు. సాకుంది బాబూ, ఎండ కళ్ళల్లో పడిందన్నాడు. పోటీ ముసురు పట్టిన రోజున కదరా అంటే, అయితే ముసురు పడింది అన్నాడు. పనసతొనలవాడిది సాకే, పసిపిల్లాడివాడిది సాకే, ముసురువాడిదీ సాకే. మేస్త్రి తాపీ ఊపి పొమ్మన్నాడు.

గవరయ్య ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. కంచం ముందు పెడితే తోసేశాడు. ఆ గోడ మీద బల్లి పాకిన గుర్తుంది, నా గుర్తు లేదు, రేపు నేను పోతే నన్నెవడు తలుచుకుంటాడని లోపల కుమిలిపోయాడు.

వాళ్ళ కోడలు నూకాలు. పిల్ల చూడ్డానికి చీపురుపుల్లంత ఉంటది గానీ, ఊళ్ళో తెలివంతా ఆవిడ కొప్పులోనే ఉండేది. పక్కకొచ్చి కూచుని, "మావయ్యా, ఆళ్ళు చెప్పిందంతా అబద్ధమా?" అంది.

గవరయ్య మీసం కిందకి జారిపోయింది. "అబద్ధం కాదే అమ్మా. ఆ పనసతొనలు పంపించింది నేనే" అన్నాడు.

చూశారా వాడి గొప్ప!

అంతలో దండోరా వినపడింది. కొండల అవతల్నించి భూలోకం అనేవాడొస్తున్నాడంట. వాడు తుమ్మితే తాటికాయలు రాలేవి. వాడు స్నానానికి దిగితే చెరువు గట్టెక్కేది. వాడితో గుద్దులాటకి ఒప్పుకున్నవాడు ఏ రాజ్యంలోనూ లేడంట. దండోరా అయ్యేసరికి గవరయ్య సంచీతో వీధిలో ఉన్నాడు.

"ఎక్కడికి మావయ్యా?"

"పెళ్ళికే."

"ఎవరి పెళ్ళి? మన చుట్టాల్లో పెళ్ళి కావలసినోళ్ళు ఇంకెవరూ మిగల్లేదు. మీరే అందరికీ చేసేశారు."

గవరయ్య సంచీ దించాడు. సంచీ దించడం ఏముంది, ఎవరైనా దించుతారు అనుకుంటున్నారేమో. అన్నేళ్ళ సంచీరా అది!

వచ్చాడు భూలోకం. రావడం రావడం జ్వరంతో వచ్చాడు. నడిచి నడిచి కాళ్ళు బొబ్బలెక్కి, ఆకలికి కళ్ళు లోపలికిపోయి, చెట్టుకి చేరబడ్డాడు. ఊరంతా గవరయ్య మీద పడ్డారు. ఇప్పుడే గుద్దెయ్యి, పూచికపుల్లతో కొట్టినా పడిపోతాడన్నారు. గవరయ్య పిడికిలి లేచింది కూడా. లేచిన పిడికిలి ఆగింది. "గుద్దితే పడతాడు. పడి, గోడ దగ్గర జ్వరం అంటాడు. సాకున్నోణ్ణి నాకెందుకురా!" అని వాడి చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు.

ఇంక చూడాలి! జ్వరం సాకు కాకూడదని కషాయం. బొబ్బలు సాకు కాకూడదని కాళ్ళకి ఆముదం. దోమలు సాకు కాకూడదని గవరయ్యే కూచుని విసనకర్రతో విసిరేవాడు. ఆకలి సాకు కాకూడదని వంట. అన్నం పెడితే కూరేదంటాడు, కూర పెడితే పులుసేదంటాడు, పులుసు పోస్తే అన్నం అయిపోయిందంటాడు! వండి వండి నూకాలు గాజులు వదులైపోయాయి. ఊరంతా నవ్వారు, వీడు గుద్దులాడతాడా, వాణ్ణి దత్తత తీసుకుంటాడా అని.

అయితే వడ్డించే మనిషి కంటికి ఏదీ దాగదు. భూలోకం కుడిచేత్తో ఏది అందుకోబోయినా, ఎడంచేత్తో చెంబు ఎత్తబోయినా, చెయ్యి లేచే ముందు వాడి ఎడం చెవి కదులుతోంది. ఆవు చెవి ఈగని తోలుకున్నట్టు, ఇలాగ! నూకాలు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తరవాత పెరట్లోకెళ్ళి మావగారి చెవిలో ఈ చెవి సంగతి చెప్పింది.

మర్నాటి నుంచీ గవరయ్య విస్తరి భూలోకం విస్తరికి ఎదురుగా వేసింది. అప్పడం మటుకు ఇద్దరికీ మధ్యలో పెట్టేది, ఒక్కటే. మొదట్లో గవరయ్య మోకాలు టక్కుమనేలోపల అప్పడం భూలోకం నోట్లో కరకరలాడేది. రానురాను చెవి కదిలేసరికి గవరయ్య చెయ్యి కదిలేది. ఆఖరికి చెవి కదిలిందంటే అప్పడం మాయం! భూలోకం పకపకా నవ్వేవాడు. తాతా, ఈ వయసులో నీకు అప్పడమంటే ఎంత ఆశ అనేవాడు. కరకర ఎవరిదో, నవ్వెవరిదో, వీధిలోకి వినపడేది.

మంగా, నిద్రపోయావా? లేదూ? సరే.

పోటీ రోజొచ్చింది. గవరయ్య బరిలోకి దిగి, వియ్యంకుణ్ణి అడిగినట్టు అడిగాడు. కడుపు బాగుందా, నిద్ర పట్టిందా, ఎండ కళ్ళల్లో పడుతోందా, పోనీ ఇటొచ్చి నిలబడతావా అని. భూలోకం అంతా బాగుందన్నాడు. డప్పు మోగింది.

చెవి కదిలింది, తల తప్పింది. చెవి కదిలింది, తల తప్పింది. భూలోకం పిడికిలి గాల్లోకెళ్ళినప్పుడల్లా ఆ గాలికి రాజుగారి తలపాగా ఊడిపోయేది. మధ్యలో ఒక్కసారి గవరయ్య, నూకాలు చూస్తోందో లేదో అని గొప్పకి అటు తిరిగాడు. అంతే! ఎగిరెళ్ళి డప్పులో కూచున్నాడు. డప్పు చిరిగింది. టకటకమని మోకాళ్ళు కూడదీసుకుని, ఆ డప్పు నడుముకుండగానే తిరిగొచ్చాడు. ఇంక అటూ ఇటూ చూళ్ళేదు, చెవే చూశాడు. భూలోకం గాలిని గుద్ది గుద్ది అలిసిపోయాడు. ఆఖరోసారి చెవి కదిలింది. అప్పడం అందుకున్నట్టు గవరయ్య చెయ్యి ముందెళ్ళి గడ్డం కింద తగిలింది. భూలోకం పడ్డాడు. ఆ దుమ్ము లేచి పక్కరాజ్యంలో చారుగిన్నెల్లో పడిందంట!

అందరూ గోడ దగ్గరికెళ్ళారు. మేస్త్రి రోజూ నీళ్ళు చల్లి ఆరనివ్వని సున్నం తడిగా మెరుస్తోంది. మేస్త్రి అడిగాడు, "సాకేమన్నా ఉందా?"

భూలోకం ఆలోచిస్తున్నాడు. గవరయ్య గుండె మోకాళ్ళకంటే గట్టిగా టకటకలాడుతోంది. లేదన్న మాటొకటి పడితే చాలు. అలాంటప్పుడు, ఆ పెద్దమనిషి నోరు ఊరుకోవద్దూ!

"ఆగు బాబూ" అన్నాడు. "నీకు తెలీనిది ఒకటుంది. చెయ్యి లేచే ముందు నీ ఎడం చెవి కదులుద్ది. మా ఇంట్లో నువ్వు తింటుండగా చూసి నేర్చుకున్నాను. అది సాకంటే చెప్పు, నా చెయ్యి కడిగేసుకుంటాను."

నూకాలు నెత్తి కొట్టుకుంది. భూలోకం చెవి తడుముకున్నాడు, ఒకసారి లాగి చూసుకున్నాడు.

"చెవి నాదే కదా తాతా" అన్నాడు. "జ్వరం తగ్గించావు, బొబ్బలు మాన్పావు, దోమల్ని తోలావు. నా ఎదురుగా కూచుని, రోజూ నా ముందే అప్పడం లాక్కున్నావు. ఎందుకు పోతోందా అని నేను ఒక్క పూట చూసుకోలేదు, నవ్వుకుంటూ తిన్నాను. దాన్ని సాకంటే అన్నం పెట్టిన చేతికి మర్యాద కాదు. మేస్త్రీ, సాకు లేదు. రాసుకో, ఈ ముసలాడంతటోడు లేడు!"

గవరయ్య పిడికిలి సున్నంలో అద్దాడు. అద్ది, పక్కకి తిరిగి, "అమ్మాయ్, నీ గరిటె కూడా పట్రా" అన్నాడు. రాజుగారు పొట్ట పట్టుకు నవ్వి సరేనన్నారు. పిడికిలి పక్కన గరిటె గుర్తు పడింది. భూలోకం ఆ ఊళ్ళోనే ఉండిపోయాడు. అప్పడాలు రెండు వేయించడం మొదలెట్టారు. గవరయ్య మళ్ళీ చుట్టాల పెళ్ళికెళ్ళింది లేదు.

నమ్మవా? మన వంటింట్లో ఆ వంకర గరిటె ఎవరిదనుకున్నావు? దాని మీద సున్నం మరక నువ్వే చూశావు కదే! అందుకే చెప్తున్నాను, మెత్తనోణ్ణి గుద్ది మీసం తిప్పకండి. బళ్ళో గానీ, ఆటలో గానీ, గట్టోణ్ణి చూసుకోండి. వాడు ఆకలితో ఉంటే ముందు అన్నం పెట్టండి.

కథ కంచి బండెక్కింది, మీరు దుప్పట్లోకి దూరండి.

ఆగరా సూరీడూ, నీ ఎడం చెవి కదిలింది. ఇంకో కథ అడగబోతున్నావు. నోరు తెరవకు, పడుకో.