సుద్దేటి మీద రెండు కుడి వంతెనలు

“అన్నం తినే చేతి వైపు అన్నాం. మీరు ఏ చేత్తో తింటారో మాకేం తెలుసు?”

ఏటి ఇవతల, సుద్దపల్లె గట్టు మీద కూచుని ముసలి ఆదెమ్మ అంది ఆ మాట. అని పెద్దగా ఆవలించింది.

అవతల తేనెగుట్ట గట్టు నించి జవాబొచ్చింది. “ఎడం చేత్తో మొదలెట్టింది మీరు. సిగ్గు లేదూ?”

ఏటి మధ్యన పడవలో కూచున్న రాజకుమారుడు సోమిదేవుడు తన రెండు చేతులూ చూసుకున్నాడు. ఏది ఏ చెయ్యో కాసేపు తెలీలేదు. పాపం, నిద్రపోయి మూడేళ్ళయింది మరి.

రాజకుమారుడికి నిద్ర లేకపోవడమేంటి, ఇక్కడ కూచోడమేంటి అంటారా? అయితే రాజుగారి దగ్గర్నించి చెప్పుకురావాలి.

ఒకానొక రాజుగారికి ఏడు మంచాలుండేవి, ఏడింటి మీదా నిద్ర పట్టేది కాదు. అంతకుముందు బాగానే పట్టేది. ఎంత బాగా అంటే, జాగారమల్లు అనే మాంత్రికుడు వచ్చి సభలో గారడీ చేస్తుంటే, సగంలో రాజుగారు గుర్రు పెట్టారు. మాంత్రికుడికి ఒళ్ళు మండింది.

“నా విద్య చూస్తూ కునుకు తీస్తావా? ఇక నీకూ, నీ రాజ్యానికీ, చుట్టుపక్కల వాళ్ళకీ కూడా కునుకుండదు పో” అని, అందరి నిద్రా సంచిలో కుక్కుకుని ఏడు సముద్రాల అవతలికి పోయాడు.

అంతే. పసిపిల్లలు ఏడ్చి ఏడ్చి గొంతులు పోగొట్టుకున్నారు. నిద్రపోయేవాడే లేకపోతే ఎవర్ని లేపాలని కోళ్ళు కూయడం మానేశాయి. మూడో ఏటికి రాజుగారు చిక్కి పుల్లయ్యారు. వచ్చే పున్నమిలోపు నిద్ర పట్టకపోతే దక్కరని వైద్యుడు చెప్పేశాడు.

పెద్ద కొడుకు వెళ్ళాడు, రాలేదు. నడిపి కొడుకు వెళ్ళాడు, రాలేదు. చిన్నవాడు సోమిదేవుడు వెళ్ళాడు. ఒక సముద్రం దాటాడు, అలిసిపోయాడు. రెండో సముద్రం దాటాడు, ఇంకా అలిసిపోయాడు. ఏడూ అంతే. ఒక్కోటీ చెప్పుకుంటూ కూచుంటే మనమూ అలిసిపోతాం.

ఏడో సముద్రం అవతల మాంత్రికుడి కోట. వంటింట్లో ఒక అవ్వ పప్పు తిప్పుతోంది.

“వేళాపాళా లేదు నాయనా వాడి తిండికి. వాడి ప్రాణం చిలకలో ఉంది, నా ప్రాణం ఈ గరిటెలో పోతోంది” అంది.

“ఆ చిలక ఎక్కడుందవ్వా?”

“ఇక్కడ లేదు. మీ పక్క లోయలోనే, సుద్దేటి వంతెన దగ్గరుంది.”

సోమిదేవుడు గుమ్మంలోనే చతికిలబడ్డాడు. “మా ఇంటి నించి పూట నడక అవ్వా అది.”

“అందుకే కదా అక్కడ ఎవరూ వెతకలేదు. మీ అన్నలకీ ఇదే చెప్పాను. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో. అక్కడ కుడి ఏదని నిన్ను అడుగుతారు. ఇది కుడి అన్నావో, రాయైపోతావు.”

మళ్ళీ ఏడు సముద్రాలూ దాటాడు. పున్నమి రేపనగా సుద్దేటి లోయకి చేరాడు. లోయ మొదట్లో సుద్దమట్టి మోసే గాడిద ఒకటి ఎదురైంది.

“ఎక్కు” అంది గాడిద. “నువ్వు నడుస్తుంటే చూళ్ళేకపోతున్నా.”

దారి పొడుగునా లోయ సంగతులు చెప్పుకొచ్చింది. సుద్దపల్లెలో ఏటి గట్టంతా తెల్లసుద్దేనంట. ఇళ్ళకి అదే పూత, కుండలకి అదే పూత, ఎండలో ఊరు ఊరంతా పాలు పొంగినట్టుంటుందంట. తేనెగుట్టలో నిట్టనిలువుగా ఉన్న కొండకి మనిషంత తేనెపట్లు వేలాడతాయంట, తాళ్ళ నిచ్చెనలేసుకుని దిగుతారంట. ఒకప్పుడు ఈ రెండు ఊళ్ళు చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చేవాళ్ళంట.

“మరి ఇప్పుడు?”

“ఇప్పుడు తగువు చూడ్డానిక్కూడా ఎవరూ రారు. వంతెన రాళ్ళు మా ముత్తాతే మోశాడు. చెరో సగం కడదాం, ఎవరి గట్టు మీద వాళ్ళు కుడిచేతి వైపు మొదలెడదాం అనుకున్నారు. ఎదురెదురుగా నిలబడితే నీ కుడి నాకు ఎడమ కదా? గాడిదని, నాకే తెలిసింది. రెండు సగాలూ ఏటి మధ్యకొచ్చి, ఒకదాన్నొకటి తప్పించుకుని ఆగిపోయాయి. మా తాత కాలానికే ఆ గొడవ చల్లారింది. మూడేళ్ళ కిందట ఎందుకో మళ్ళీ రాజుకుంది.”

రేవులో పడవ నడిపే వరాలు ఇద్దర్నీ ఎక్కించుకుంది. ఏటి మధ్యకొచ్చాక సోమిదేవుడు తలెత్తి చూశాడు. ఇవతలి సగం చివర పెద్దన్న, అవతలి సగం చివర నడిపన్న. ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని రాళ్ళై ఉన్నారు.

“ఆయన ఇదే కుడన్నాడు, ఈయన అదే కుడన్నాడు” అంది వరాలు. “నువ్వేమంటావు?”

“ఓపిక లేదు” అన్నాడు సోమిదేవుడు.

ఆ మాటే అతన్ని కాపాడింది.

ఇదిగో, మనం మొదట విన్న పోట్లాట ఇప్పుడు జరుగుతున్నదే. మధ్యాహ్నమైంది. తేనెగుట్ట ఆడవాళ్ళు గంజి తాగడానికి లేచి ఇళ్ళకి పోయారు.

“ఓడిపోయి పోతున్నారు” అంది ఆదెమ్మ.

“ఓడింది మీరు” అని జవాబొచ్చింది.

సోమిదేవుడు అవతలి గట్టు చూశాడు. గట్టు మీద పిట్ట లేదు.

“తెడ్డు ఆపు వరాలూ.”

తెడ్డు చప్పుడు ఆగింది. “సిగ్గు లేదూ, సిగ్గు లేదూ” అని గొంతు వాళ్ళ నెత్తి మీదే, రెండు సగాల మధ్య నించే వస్తోంది. అక్కడ వేలాడే తీగల్లో, ఆకుల్లో ఆకులా ఒక చిలక. ఇటు మాట అటు, అటు మాట ఇటు, మధ్యలో తన మాట.

“రాయి పెట్టి కొట్టు” అంది గాడిద.

“తప్పిందనుకో, ఎగిరిపోతుంది. మళ్ళీ ఏడు సముద్రాలు” అంది వరాలు. “ఎంత వాగినా అదీ చిలకే. విన్నది అనకుండా ఉండలేదు.”

సోమిదేవుడు వరాలి వంక చూశాడు. తర్వాత గట్టు వంక తిరిగాడు. “అవ్వా, ఒక జోల పాడవా?”

“ఎవరు పడుకుంటారని పాడను?” అంది ఆదెమ్మ. “మూడేళ్ళుగా నా మనవరాలే పడుకోలేదు.”

“రేపటితో మా నాన్న దక్కడవ్వా. ఒక్కసారి.”

ఆదెమ్మ గొంతు సవరించుకుంది.

“సుద్దగోడ నీడలోన సన్నజాజి కునుకు, జోజో...”

“సన్నజాజి కునుకు, జోజో” అంది చిలక.

అక్కడితో ఆదెమ్మ ఆగిపోయింది. రెండో వరస గుర్తు రాలేదు. అంతలో తేనెగుట్ట గట్టు మీదికి గంజి ముంత పట్టుకుని ఒకావిడ వచ్చింది. “మా పాట సగంలో వదిలేస్తావేంటమ్మా” అని తనే అందుకుంది.

“తేనెగుట్ట గాలిలోన తూనీగకి కునుకు, జోజో...”

“తూనీగకి కునుకు, జో...” అంది చిలక.

ఇటొక వరస, అటొక వరస. మధ్యలో చిలక రెండూ పాడుకుంటూ, తన జోలకి తనే తూగి, రెక్కలో తల దూర్చింది.

ఏడు సముద్రాల అవతల జాగారమల్లు ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి, అలాగే ఒరిగాడు. మళ్ళీ లేవలేదు. నిద్రలు కుక్కిన సంచి మూతి ఊడింది.

ఆదెమ్మ గట్టు మీదే పడుకుంది. గాడిద నిలబడే పడుకుంది. రాళ్ళైన అన్నలిద్దరూ మళ్ళీ మనుషులై, ఎక్కడివాళ్ళక్కడే గుర్రు పెట్టారు. అక్కడ రాజుగారు ఏడు మంచాలూ వదిలేసి గుమ్మంలో పడుకున్నారు. సోమిదేవుడు వరాలి భుజం మీద తల వాల్చాడు. పడవ తనంతట తనే ఇసకమేటకి చేరింది. మూడో రోజు కోడి కూసింది.

వరాలు తన పడవలోంచి ఒక చెక్కపలక తీసి రెండు సగాలకీ మధ్య వేసింది. ఇన్నేళ్ళకి వంతెన ఒకటైంది. సోమిదేవుడికీ వరాలికీ దాని మీదే పెళ్ళి. కుండలు సుద్దపల్లెవి, తేనె తేనెగుట్టది. తర్వాత వాళ్ళు అరవై ఏళ్ళు ఏలారు. సభలో ఎవరు ఏ గారడీ చేస్తున్నా, మధ్యాహ్నం రాజుగారి కునుకు రాజుగారిదే.

చిలక ఇంకా ఆ తీగల్లో నిద్రపోతూనే ఉందంట. దాని కింద నడిచేవాళ్ళు మెల్లిగా మాట్లాడతారు.

మరి మీరు పక్కింటివాళ్ళ మీద కోపంతో నిద్ర మానుకున్న రోజున, మిమ్మల్ని నొప్పించిన ఆ మాట అన్నది వాళ్ళేనని చూసి మరీ విన్నారా?