ట్యాంకు పక్కన కూచున్న బాబా

పోలయ్యకి ఒకటే దిగులు. ఈసారి ఉరుసులోనైనా బాబా తన తలకి పచ్చ రుమాలు కడతాడా, కట్టడా?

ఆ కొండమీది దర్గాలో అదొక ఆనవాయితీ. నలుగురి బాగోగులూ చూడగలడని నమ్మకం కుదిరిన శిష్యుడికి ఉరుసు రోజున కమాల్ షా బాబా తన చేత్తో పచ్చ రుమాలు చుడతాడు. అది కట్టుకున్నవాడే ఇక యాత్రికులకి అన్నం దగ్గరా నీళ్ళ దగ్గరా పెద్ద. పోలయ్య సముద్రం ఒడ్డు పల్లె నుంచి చేపలవేట మానుకుని వచ్చి చేరినవాడు. మంచివాడే, పనిమంతుడే. కాకపోతే తన మంచితనం తనకి కాస్త ఎక్కువగా కనపడుతూ ఉంటుంది. మనలో చాలామందికి ఉన్నదే, దానికేముంది.

ఉరుసుకి ముందురోజు పొద్దున్నే ధైర్యం చేసి అడిగేశాడు.

"బాబా, నాకిప్పుడు అయినవాళ్ళు, కానివాళ్ళు అనే తేడా పోయింది. అందరూ ఒకటే అయిపోయారు. ఇంకా ఏం నేర్చుకోవాలో చెప్పండి."

బాబా సంచీలోంచి గుప్పెడు బొరుగులు తీసి నోట్లో వేసుకున్నాడు. తాపీగా నమిలాడు.

"ముందు నీళ్ళు దించి రాపోవయ్యా. కింద జనం ఎదురుచూస్తుంటారు" అన్నాడు.

సంగతేమిటంటే, కొండ కింద యాత్రికుల గుడారాల దగ్గర బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడ్డాయి. తియ్యటి నీళ్ళు పైన దర్గా దగ్గరే. అందుకని ట్రాక్టరు ట్రాలీలో పెద్ద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టి, నింపి, కిందికి దించాలి. నిండితే రెండు టన్నుల బరువు. దారి చూస్తే మెలికలు తిరుగుతూ దిగుతుంది. ఆ దారి మీదే జనం పిల్లాజెల్లాతో ఎక్కివస్తుంటారు.

పోలయ్య ట్యాంకుని ట్రాలీ నడిమధ్యన పెట్టి నీళ్ళు నింపాడు. పైనుంచి రెండు తాళ్ళు వేసి అటూ ఇటూ కొక్కేలకి కట్టాడు. ముడులు చూస్తే ముచ్చటేస్తుంది, ఏనుగు గుంజినా ఊడవు. తాళ్ళు మాత్రం జానెడు వదులుగా ఉన్నాయి.

ట్రాక్టరు నడిపే చెంచయ్య వచ్చి చూశాడు. వయసులో పోలయ్య కంటే పెద్దవాడు, నవ్వు మొహం మనిషి.

"ఏందబ్బా, ఉయ్యాల కట్టినట్టు కట్టావే? ఇది ఉండేది నా ఈపు ఎనకాల. కాస్త బిగించరాదా?"

"నీకు తెలీదులే చెంచయ్యా. పడవని ఎప్పుడూ బిగించి కట్టకూడదు. అల వచ్చినప్పుడు లేవనియ్యాలి, దిగనియ్యాలి. బిగించావంటే తాడన్నా తెగుద్ది, కొయ్యన్నా ఊడుద్ది. మా నాయన నేర్పిన కట్టు ఇది."

"ఇది పడవ కాదు గదయ్యా."

"నీళ్ళే గదా? నీళ్ళ సంగతి నాకు చెప్తావా నువ్వు?"

చెంచయ్య నవ్వేసి, తువ్వాలు తలకి చుట్టుకుని, వెళ్ళి తన సీట్లో కూచున్నాడు.

ఇంతలో బాబా వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, చెప్పులు కింద విడిచి, చక్రం మీద కాలు పెట్టి ట్రాలీలోకి ఎక్కేశాడు. ట్యాంకుకీ ట్రాలీ ముందు రేకుకీ మధ్య ఒక సందు ఉంది. ఆ సందులో చతికిలబడి, ట్యాంకుకి వీపు ఆనించాడు.

"అదేంది బాబా, అక్కడ కూచున్నారు?"

"నేనూ కిందికి వస్తానయ్యా. ఇక్కడ ఈపుకి చల్లగా ఉంది. కట్టావు గదా?"

"కట్టాను బాబా."

"అయితే ఇంకేం. పోనీవయ్యా చెంచయ్యా."

ఇంజను మొదలైంది. బండి ఇంకా కదలనే లేదు, ట్యాంకులో నీళ్ళు గుడగుడలాడాయి. తాళ్ళు గాల్లో ఊగాయి. పోలయ్య చూపు మొదటి మలుపు మీద పడింది. అక్కడ బ్రేకు వెయ్యక తప్పదు. వేస్తే నీళ్ళన్నీ ముందుకి వస్తాయి. నీళ్ళతో ట్యాంకూ వస్తుంది. ట్యాంకుకీ రేకుకీ మధ్యన, ఒళ్ళో బొరుగుల సంచీతో, బాబా.

"ఆపు చెంచయ్యా, ఆపు ఆపు" అంటూ పరిగెత్తాడు.

ఇంజను ఆగింది. పోలయ్య తాళ్ళు విప్పేసి, కొక్కేనికి కాలు తన్నిపెట్టి మళ్ళీ బిగించాడు. ఒకటి అటునుంచి ఇటు, ఒకటి ఇటునుంచి అటు, అడ్డంగా. తాడుని వేలితో మీటితే మోగింది. అయినా మనసు ఒప్పలేదు. గుడారాల కోసం తెచ్చిన సరుగుడు మొద్దులు మోసుకొచ్చాడు.

"బాబా, కాస్త లేస్తే అక్కడ మొద్దు పెడతాను."

"పెట్టు, పెట్టు" అని బాబా లేచి ఎడంపక్క సందులో కూచున్నాడు.

ముందువైపు మొద్దులు దిగ్గొట్టి తలెత్తితే బాబా ఎడంపక్కన ఉన్నాడు. అక్కడా మొద్దు పెట్టాల్సి వచ్చింది. బాబా కుడిపక్కకి జరిగాడు. అక్కడా పెట్టాడు. బాబా వెనక్కి పోయి కూచున్నాడు. చెంచయ్య సీట్లోంచి తిరిగి చూసి పడీపడీ నవ్వుతున్నాడు. పోలయ్యకి నవ్వడానికి ఊపిరి ఉంటే గదా. వెనక కూడా మొద్దు కొట్టి, భుజం ఆనించి ట్యాంకుని నెట్టిచూశాడు. వెంట్రుకంత కదల్లేదు.

"ఏందయ్యా ఇది, మనిషి కూచునే సందు లేకుండా చేశావే" అంటూ బాబా దిగాడు.

"మీరు ఎక్కితే ఊరుకుంటానా బాబా? మీకేమన్నా అయితే?"

చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు పోలయ్య. మొహంలో వెలుగు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడని, "మరి రేపటి రుమాలు సంగతి బాబా?" అన్నాడు.

బాబా వంగి చెప్పులు తొడుక్కున్నాడు.

"నేను ఇప్పుడే గదయ్యా ఎక్కింది" అన్నాడు. "చెంచయ్య ఇందాకటి నుంచీ కూచునే ఉన్నాడు."

బొరుగుల సంచీ దులుపుకుంటూ దర్గాలోకి వెళ్ళిపోయాడు.

పోలయ్య ట్రాలీ పక్కన అలాగే ఉండిపోయాడు. ముందు రేకుకి అవతల చెంచయ్య వీపు కనపడుతోంది. బనీను చెమటకి అంటుకుపోయింది, భుజం దగ్గర చిన్న చిరుగు. ఏదో పాట తీస్తున్నాడు తనలో తను. అవతల దారి మీద జనం ఎక్కివస్తున్నారు, ఒకామె చంకలో బిడ్డతో ముందుగా.

పోలయ్య ఇంకోసారి చుట్టూ తిరిగి ప్రతి ముడీ పట్టి చూశాడు. తర్వాత ట్రాక్టరు ముందుకి వచ్చి దారి మధ్యన నిలబడ్డాడు.

"ఎక్కవయ్యా, పోదాం" అన్నాడు చెంచయ్య.

"నువ్వు నిదానంగా రా అన్నా. జనాన్ని పక్కకి జరుపుకుంటా నేను ముందు నడుస్తా."

ఎవర్నబ్బా అన్నా అంటున్నాడని చెంచయ్య ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు.