నెమరేసి చెప్పిన మాట

కొండ కింద వాగు ఎండిపోయి, ఒక్క మడుగు మిగిలిన చోట జంతువులన్నీ కలిసి మాటల సంఘం పెట్టుకున్నాయి. ఊళ్లోవాళ్లు సంతకు పోయిన రోజున ఒక్కొక్కరూ చదును బండ ఎక్కి మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి. నలుగురిలో నిలబడి నాలుగు మాటలు చెప్పగలగాలని ఎవరికుండదు? కుందేలుకు కూడా ఉంది.

అయితే దానికొక నియమం. మాట మధ్యలో ఆగితే వడ్రంగిపిట్ట మోడు మీద టక్కుమని కొడుతుంది. మళ్లీ ఆగితే మళ్లీ టక్కు. ఇక దిగిపోవాలి. ఈ నియమం పెట్టించింది నక్క గవరయ్య. మాట్లాడేటప్పుడు ఊపిరి తీసుకోవడం కూడా దండగే అనుకునే రకం.

అందరికంటే ఎక్కువ టక్కులు తిన్నది గేదె నీలాలు. ఒక మాట చెప్పాక కాసేపు నెమరేస్తే గానీ ఆమెకు రెండో మాట రాదు.

"నువ్వు బండెక్కితే నేనొక కునుకు తీసి లేవొచ్చు వదినా," అన్నాడు గవరయ్య.

"ఏం చెయ్యను మరిదీ... మాట లోపలి నుంచి రావాలిగా."

"అంత లోపలిదాకా పోవడమెందుకు? నాలుక మీదున్నది చాలదూ!"

అందరూ నవ్వారు. నీలాలు కూడా నవ్వేసింది గానీ మనసు చివుక్కుమంది. అయినా సంఘానికి రావడం మానలేదు. నిరుడు ఎండల్లో ఏనుగుల మంద దిగి మడుగంతా తొక్కేసింది. ఒళ్లు ముంచుకోవడానికి బురద లేక ఆమె దూడ చర్మం బీటలు వారింది. ఆనాడు ఏనుగుల ముందు నీలాలుకు నోరు పెగల్లేదు. ఆ బాధ ఆమెను ఇంకా తింటూనే ఉంది.

ఈసారీ ఏనుగులు కొండ దిగుతున్నాయని కబురొచ్చింది. అందరి తరఫునా మాట్లాడేదెవరు? బండ మీద పోటీ పెట్టారు.

"మా దూడకి..." అని నీలాలు ఆగింది. టక్కు. "కాస్త బురద..." మళ్లీ టక్కు.

గవరయ్య మాత్రం గుక్క తిప్పుకోకుండా మాట్లాడి గెలిచేశాడు. నీలాలు తలొంచుకుని బండ దిగింది.

"అమ్మా, నువ్వు ఇంకా ఏదో చెప్పాలిగా?" అంది దూడ.

"ఉంది నాన్నా. లోపలే ఉండిపోయింది," అంటూ నీలాలు దాని వీపు నాకింది.

ఏనుగులు రానే వచ్చాయి. ముందు నడిచే పెద్దమ్మ మడుగు ఒడ్డున నిలబడింది. గవరయ్య ఎదురెళ్లి మొదలెట్టాడు. పెద్దమ్మ నడక గొప్పన్నాడు, చెవుల అందం గొప్పన్నాడు, తన సంఘం గొప్పన్నాడు, తానెంత గొప్పో చెప్పుకున్నాడు. పెద్దమ్మ ఏదో అడగబోయింది. సందు దొరకలేదు. మళ్లీ అడగబోయింది. అప్పుడూ లేదు.

"సరే బాబూ, నువ్వు చెబుతూ ఉండు," అంటూ మడుగులోకి అడుగేసింది. గవరయ్య ఇంకా చెబుతూనే ఉన్నాడు.

నీలాలు దూడ వంక చూసింది. వెళ్లి ఏనుగుకు అడ్డం నిలబడింది.

"పెద్దమ్మా... లోతు లేని ఆ వంపు దగ్గర బురద మాకు వదలండి." ఆగింది. అలవాటుగా దవడ కదిలింది.

మోడు మీద వడ్రంగిపిట్ట ముక్కు పైకెత్తింది. దూడ దానివైపే చూస్తోంది. పిట్ట ఎత్తిన ముక్కును అలాగే ఉంచేసింది. ఎంత నిశ్శబ్దమంటే గవరయ్య కూడా నోరు మూసుకున్నాడు.

ఆ నిశ్శబ్దంలో పెద్దమ్మ నోరు విప్పింది. "అదెట్లా తల్లీ? మా గున్నలూ లోతుకు దిగలేవు. వాటికీ ఆ వంపే కావాలి."

నీలాలు ఈ మాట ఎన్నడూ వినలేదు. నిరుడూ ఇదేనా కారణం? నెమరేసింది. పెద్దమ్మ చెవులాడిస్తూ ఓపిగ్గా నిలబడింది.

"అయితే గున్నల్నీ అక్కడే దించండి," అంది చివరికి. "నా దూడ వాటి పక్కనే ఉంటుంది. బరువున్న పెద్దలు మాత్రం అవతలి ఒడ్డున దిగితే... బురద అందరికీ మిగులుతుంది."

"ఇంత చిన్న సంగతి నిరుడే చెప్పకపోయావా!" అని పెద్దమ్మ తొండంతో నీలాలు నుదురు నిమిరింది. నీలాలు కళ్లలో నీళ్లు తిరిగాయి.

తర్వాతి సంతరోజు సంఘం నీలాలునే పెద్దగా కూర్చోబెట్టింది. గవరయ్య మొహం ముడుచుకుని మూల కూర్చున్నాడు.

"మరిదీ, బండెక్కు. ఒక్క మాట చెప్పి ఆగు, చాలు," అంది నీలాలు.

"అదేం శిక్ష వదినా?"

"శిక్ష కాదయ్యా. ఎక్కు."

గవరయ్య ఎక్కాడు. "నేను... బాగా మాట్లాడతాను," అని బలవంతాన ఆగాడు. ఎవరూ టక్కు కొట్టలేదు. అప్పుడు దూడ మెల్లిగా అడిగింది:

"బాబాయ్, అంతసేపు మాట్లాడతావుగా, నీకు దాహం వెయ్యదా?"

ఆ మాట అతన్ని ఇన్నాళ్లలో ఒక్కరూ అడగలేదు. అడగడానికి అతను సందిస్తేగా! గవరయ్య బండ మీంచి దూడ వైపు వంగి చూశాడు. "వేస్తుందమ్మా," అని మాత్రం అనగలిగాడు. నీలాలు పక్కకు జరిగి మడుగుకు దారిచ్చింది.

నలుగురి తరఫున మాట్లాడాలనుకునేవాడు, ఎదుటివాళ్ల మాటకు కాస్త చోటు వదలడం ముందు నేర్చుకోవాలి.